రెండు బోర్డింగులు, ఒక కాంపౌండు

నల్లగొండ, పాలమూరు వైపు పాత మిషన్ కాంపౌండ్లన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. చుట్టూ గోడ, మధ్యన ఎత్తు అరుగుల బంగళా, కాస్త ఎడంగా చర్చి, ఒక పెద్ద బావి, నాలుగు చింతచెట్లో వేపచెట్లో. బంగళా వరండాలో నిలబడితే కనిపించేంత దూరంలో బడి, బడిని ఆనుకొని బోర్డింగు. చుట్టుపక్కల పల్లెల నుంచి మాల, మాదిగ ఇళ్ళ పిల్లలు ఆ బోర్డింగుకు వచ్చి అక్షరాలు దిద్దారు. టీచర్లు, నర్సులు, కాంపౌండర్లు, పాస్టర్లు అయ్యారు. ఆ బడి గంట పొద్దున లేస్తే చెవిన పడుతున్నా అక్కడ చదువుకోనిది ఎవరంటే, బంగళాలో పెరిగిన పిల్లలు. వాళ్ళ బడి తమిళదేశంలో, ఏడు వేల అడుగుల ఎత్తున, కొడైకెనాల్ కొండ మీద ఉండేది.

పరదేశం వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబాల గురించి, వాళ్ళ పిల్లల చదువు గురించి ఇంగ్లీషులో చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఈ పిల్లలకు సొంత ఇల్లు ఏది? మంచి ప్రశ్నే. కానీ మన ఎర్రనేలల మీద నిలబడి చూస్తే దానికంటే ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. నూరడుగుల దూరంలో తామే కట్టిన బడి తమ పిల్లలకు ఎందుకు పనికిరాలేదు?

ముందు ఈ కుటుంబాలు ఎవరివో చూద్దాం. పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఎల్బర్ట్ చ్యూట్ 1885లో స్థావరం వేశాడు. అప్పటికింకా ఊరి పేరు పాలమూరే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది 1890లో. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్లగొండకు అబ్రహాం ఫ్రీజెన్, మరియా దంపతులు వచ్చారు. వీళ్ళది అమెరికా కాదు, ఇంగ్లండు కాదు. దక్షిణ రష్యాలో మొలోచ్నా అనే చోట జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ క్రైస్తవుల పల్లెసీమ. ఆయన చదివింది హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో, చేరింది అమెరికన్ బాప్టిస్టుల కింద, పనిచేసింది నిజాం రాజ్యంలో. ఆయన వెనకాల అదే సీమ నుంచి మరికొందరు వచ్చారు. సూర్యాపేటలో అబ్రహాం హ్యూబర్ట్ అలా వచ్చినవాడే. ఇక అమెరికాకు వలసపోయిన మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు 1899లో సొంతంగా మిషన్ మొదలుపెట్టారు. నాగర్‌కర్నూలు, శంషాబాదు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి ఒక్కొక్కటిగా వాళ్ళ స్థావరాలయ్యాయి. మహబూబ్‌నగర్, గద్వాల కూడా 1930ల చివర్లో బాప్టిస్టుల నుంచి వాళ్ళ చేతికే వచ్చాయి. ఇవాళ మనం ఎం.బి. చర్చి అంటున్నది ఆ మెన్నోనైట్ బ్రదరెన్ పేరునే, పొడి అక్షరాల్లో.

ఆ ఇళ్ళలో పెద్దలు తమలో తాము మాట్లాడుకునేది ప్లాట్‌డైచ్, అంటే జర్మన్ రైతుల పలుకు. ప్రార్థన పుస్తకపు జర్మన్‌లో. బ్రిటిష్ రెసిడెంటు ఆఫీసుతో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో. కచేరీలో పని పడితే ఉర్దూ. మిగతా లోకమంతా తెలుగు. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు అంటే మనకు వెంటనే తెల్లదొరల రాజసం గుర్తొస్తుంది గానీ, వీళ్ళలో చాలామంది గోధుమ చేలు దున్నుకునే రైతు ఇళ్ళవాళ్ళు. అంతకు వందేళ్ళ క్రితం వాళ్ళ తాతలు ప్రష్యా నుంచి రష్యాకు బళ్ళు కట్టుకొని, తర్వాత కొందరి తండ్రులు రష్యా నుంచి కాన్సాస్‌కు ఓడలెక్కి పోయినవాళ్ళు. వలస వాళ్ళకు కొత్త కాదు. 1917 విప్లవం తర్వాత రష్యా నుంచి వచ్చినవాళ్ళకు సొమ్ము ఆగిపోయింది. సెలవు మీద తిరిగి పోదామంటే పాత ఊరు పాత ఊరుగా లేదు. అమెరికా శాఖవాళ్ళకు ఆ చిక్కు రాలేదు.

బంగళాలో రోజు ఎలా గడిచేదో ఊహించడం కష్టం కాదు, జ్ఞాపకాల పుస్తకాలు అన్నీ ఒకే మాట చెబుతాయి: పిల్లలను పెంచింది ఆయా. తల్లి వైద్యం చూడాలి, ఆడవాళ్ళ కూటాలు నడపాలి, బోర్డింగు లెక్కలు రాయాలి. తండ్రి పల్లెల మీద ఉంటాడు. కాబట్టి పసివాడి మొదటి మాటలు ఆయా దగ్గర పుట్టినవి, అవి తెలుగు. అన్నం, నీళ్ళు, దా, పో, వద్దు. ఆ తెలుగు పుస్తకాల తెలుగు కాదు, దవాఖాన తెలుగు, బావిగట్టు తెలుగు. కన్నవాళ్ళు మున్షీని పెట్టుకొని రెండేళ్ళు కుస్తీపట్టి పరీక్ష రాసి నేర్చుకున్న భాషను పిల్లలు కొంగు పట్టుకొని నేర్చారు.

ఆరేడేళ్ళు వచ్చేదాకా చదువు ఇంట్లోనే. తల్లే పంతులమ్మ. అమెరికాలోని బాల్టిమోర్ నుంచి కాల్వర్ట్ బడివాళ్ళు 1906 నుంచి ఇంటికే పాఠాలు పంపే పద్ధతి పెట్టారు. లోకమంతటా మిషనరీ ఇళ్ళలో అది వాడుకలోకి వచ్చింది. పుస్తకం, పలక, రోజువారీ పాఠం, తల్లికి సూచనలు, అన్నీ ఆ పొట్లంలోనే. బయట మొహర్రం పీర్లు పోతుంటాయి, బతుకమ్మ పాట వినబడుతుంటుంది. లోపల పిల్లవాడు మంచు కురిసే ఊళ్ళ గురించి చదువుతుంటాడు. పాఠంలో ఉన్నది ఎన్నడూ కంటికి కనబడదు, కంటికి కనబడేది పాఠంలో ఉండదు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. తెల్లవాణ్ణి దొర అనడం తెలుగునాట అంతటా ఉంది. కానీ నల్లగొండలో ఆ మాటకు అప్పటికే యజమాని ఉన్నాడు. గడీలో ఉండే దేశ్‌ముఖూ దొరే, బంగళాలో ఉండే పాదిరీ దొరే. వెట్టి చేయించుకునేవాడు, బడి పెట్టినవాడు, ఇద్దరికీ పిలుపు ఒకటే. బాంచన్ అని చేతులు కట్టుకొని నిలబడే అలవాటు గడీ దగ్గర నేర్చినది, బంగళా మెట్ల దగ్గరా అదే నడిచింది. మరి బంగళాలో అయిదేళ్ళ పిల్లవాడు? చిన్నదొర. తల్లి దొరసాని. పెళ్ళి కాకుండా వచ్చిన ఆడవాళ్ళు మిస్సమ్మలు. 1907 నుంచి చనిపోయే దాకా, అంటే 1945 దాకా, ఈ మిషన్ స్థావరాల్లో వైద్యం చేసిన కేథరీనా షెల్లెన్‌బర్గ్ ఒక్కర్తీ డాక్టరమ్మ అనిపించుకుంది. రైతుబిడ్డగా పుట్టిన తండ్రి తన కొడుకును దొరబిడ్డగా పెంచాలనుకోలేదేమో. కానీ పిలుపును పిలిచేవాళ్ళు పెడతారు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెలు దొర అన్న మాట మీదనే తిరగబడ్డాయి. ఆ మాట రెండో అర్థంలో వినపడే ఇంట్లో పెరగడం ఎట్లా ఉండేదన్నది మిషన్ చరిత్రల్లో నాకు ఎక్కడా సరిగ్గా దొరకలేదు. వాటిలో పోరాటం ప్రయాణాలకు అడ్డొచ్చిన గడబిడగానే వస్తుంది.

ఆరో ఏడో నిండగానే కొండెక్కాలి. కొడైకెనాల్‌ను అమెరికన్ మధుర మిషన్‌వాళ్ళు 1845లో తమ ప్రాణాలు కాపాడుకోవడానికి ఎంచుకున్నారు. కింద కలరాకు, జ్వరాలకు పిల్లలు పిట్టల్లా పోతుంటే చల్లటి కొండ మీద మొదటి ఇళ్ళు లేచాయి. అక్కడే 1901లో మిషనరీ పిల్లలకోసం అమెరికన్ బడి పెట్టారు. తర్వాత హైక్లెర్క్ అని పేరు పడింది, 1970ల్లో కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ అయింది. ఆ దశాబ్దంలోనే అంతర్జాతీయ బకలారియట్ చదువు దేశంలోకి మొదట వచ్చింది కూడా అక్కడికే. ఇవాళ ఆ పేరు వింటే డబ్బున్నవాళ్ళ బడి అనుకుంటాం. మొదలైనప్పుడు అది జీతం బొటాబొటీగా వచ్చే పాదిరీల పిల్లల బడి.

పోయే దారి చూడండి. నల్లగొండకు రైలు లేదు. 1889లో బెజవాడ దాకా నిజాం రైలు పడినా అది భువనగిరి మీదుగా పోయింది, నల్లగొండ ఊరు దాన్ని ఇంకో వందేళ్ళు దూరం నుంచే చూసింది. ఎడ్లబండి మీద రైలు దాకా, సికింద్రాబాదు నుంచి మద్రాసుకు, మద్రాసులో బండి మారి మధుర దారిన కొడై రోడ్ స్టేషన్‌కు. అక్కడి నుంచి ఘాటు. ఘాటురోడ్డు మీద మోటార్లు ఎక్కింది మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో. అంతకుముందు కూలీలు మోసే కుర్చీలో కూచోవాలి, లేకపోతే గుర్రం, అదీ లేకపోతే నడక. రెండు రాత్రులు రైల్లో గడిపి కొండ కింద దిగే సరికి పిల్లవాడు తెలుగు వినిపించే నేల దాటిపోయాడు. కొండ మీద కూలీలది, వంటవాళ్ళది తమిళం. బళ్ళో ఇంగ్లీషు. ఆయా నేర్పిన భాష మాట్లాడదామంటే తెలుగు జిల్లాల నుంచి వచ్చిన తోటి మిషనరీ పిల్లలు తప్ప ఎవరూ లేరు. పెద్దవాళ్ళకు తెలియని దొంగభాషగా వాళ్ళలో వాళ్ళు వాడుకొని ఉంటారు. ఏమైనా ఆరేళ్ళకు కొండెక్కినవాడి తెలుగు ఆరేళ్ళ దగ్గరే ఉండిపోతుంది. లెక్క, శాస్త్రం, చరిత్ర, ప్రేమ ఇవన్నీ వాడికి ఇంగ్లీషులోనే తెలుస్తాయి.

ఎండాకాలం నడినెత్తిన తల్లులు, వీలైతే తండ్రులు కొండ మీదికి వచ్చేవాళ్ళు. అది మిషన్లకు సీజను: కూటాలు, పాటలు, పడవలు, కొత్తగా వచ్చినవాళ్ళకు భాషా పరీక్షలు. చలికాలం పెద్ద సెలవులకు పిల్లలే కిందికి దిగేవాళ్ళు. పాదిరీలు గుడారాలు కట్టుకొని పల్లెల మీద తిరిగేది కూడా అప్పుడే. కోతలై, బాటలు ఆరి, పగలు ఎండ కొట్టని కాలం. కాబట్టి పిల్లలకు తండ్రితో గడిపిన రోజులంటే ఎక్కువగా గుడారం రోజులే. జొన్నచేల పక్కన మకాం, రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో పాట, పొద్దున ఊరంతా వచ్చి తెల్ల పిల్లల్ని చూడడం. క్రిస్మస్ నాడు కాంపౌండులో బంతిపూల దండలు, అరటిపండ్లు, వరస కట్టిన పిల్లలు. ఆ పిల్లల చిన్ననాటి జ్ఞాపకాల్లో మన జిల్లాలు ఎప్పుడూ చలికాలంలోనే కనబడడానికి కారణం ఇది. పాలమూరు ఎండ, ఎండిన చెరువు, ఏప్రిల్‌లో బావి అడుగు వాళ్ళకు తెలియవు. అంటే పాలమూరు అసలు ముఖమే తెలియదు.

ఇక పుస్తకాల సంగతి. తెల్లవాళ్ళ పిల్లలను కొండలకో సీమకో పంపడం వెనక ఆరోగ్యం ఒక్కటే లేదని ఎలిజబెత్ బ్యూట్నర్ 2004లో తెచ్చిన ఎంపైర్ ఫ్యామిలీస్ గట్టిగా చూపించింది. నౌకర్ల మధ్య పెరిగితే యాస మారుతుంది, ఆంగ్లో ఇండియన్ల పలుకు అంటుతుంది, పెద్దయ్యాక తమ వాళ్ళలో తలెత్తుకోలేరు అన్న భయం. ఆమె చూసింది బ్రిటిష్ ఉద్యోగుల ఇళ్ళు. కాన్సాస్ రైతుల ఇళ్ళకు ఈ లెక్క అట్లాగే సరిపోదు. వాళ్ళ భయం ఇంకో రకం: పిల్లవాడు తమ కాలేజీలో సీటు తెచ్చుకోలేకపోతే సంఘానికే దూరమవుతాడు. ఎమిలీ మాంక్‌టెలో 2013 పుస్తకం లండన్ మిషన్ కుటుంబాల మీద. మిషన్ చరిత్ర అంటే మగ పాదిరీల చరిత్ర కాదు, కుటుంబాల చరిత్ర అన్న ఆమె వాదం మన బంగళాలకూ పనికొస్తుంది.

అందరూ వల్లించే మాట మూడో సంస్కృతి. దాన్ని తయారుచేసింది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రూత్ యూసీమ్. ఎక్కడ చూసి చేసిందంటే మన దేశంలోనే, 1950లలో, ఇక్కడున్న అమెరికన్లను భర్త జాన్‌తో కలిసి చదువుతూ. మొదట ఆ మాట పిల్లల మనసుకు సంబంధించింది కాదు. రెండు సమాజాల మనుషులు పని మీద కలిసినప్పుడు మధ్యన పుట్టే బతుకుతీరును మూడో సంస్కృతి అన్నారు. తర్వాత తర్వాత అది పిల్లల గుర్తింపు బాధగా, చివరికి సలహాల పుస్తకంగా మారింది. నా అభ్యంతరం ఒకటుంది. మధ్యన పుట్టిన సంస్కృతిలో ఇరుపక్షాలూ ఉండాలి కదా. బంగళా వంటవాడి కొడుకు ఆ సంస్కృతిలో పుట్టలేదా? పాదిరీ పిల్లవాడితో జర్మన్ పాట పాడి, క్రిస్మస్ రొట్టె తిని, ఇంటికెళ్ళి పోచమ్మ పండుగ చూసినవాడు ఏ సంస్కృతివాడు? విమానం ఎక్కినవాణ్ణే ఆ సిద్ధాంతం లెక్కలోకి తీసుకుంది.

మన జిల్లాల మిషన్ మీద అన్నిటికన్నా పెద్ద చరిత్ర పీటర్ పెన్నర్ 1997లో రాసింది. రష్యన్లు, ఉత్తర అమెరికన్లు, తెలుగువాళ్ళు అని పేరులోనే ముగ్గురినీ పెట్టాడు. 1885 నుంచి 1975 దాకా కథ. మిషన్‌వాళ్ళ తగాదాలు దాచకుండా రాయడం దాని బలం. తెలుగువాళ్ళ గొంతు అందులో మిగతా ఇద్దరికంటే సన్నగా వినిపిస్తుంది. తప్పు రచయితది కాదు. ఆ ఉత్తరాలు, పత్రికలు, డైరీలు ఫ్రెస్నోలో, విన్నిపెగ్‌లో, కాన్సాస్‌లోని హిల్స్‌బరోలో ఉన్నాయి, ఎక్కువ జర్మన్‌లో. నాగర్‌కర్నూలు గురించి తెలుసుకోవాలంటే ముందు పాస్‌పోర్టు, తర్వాత జర్మన్ కావాలి.

ఈ మొత్తం రాతల్లో నేను ఎక్కువ సేపు ఆగేది పాల్ హీబర్ట్ దగ్గర. 1932లో శంషాబాదులో మిషనరీ దంపతులకు పుట్టాడు. కొడైలో చదివాడు. కాన్సాస్ పోయి కాలేజీ చేసి, 1960లలో మిషనరీగా మహబూబ్‌నగర్ జిల్లాకే తిరిగొచ్చాడు. ఊరక తిరగలేదు, మానవశాస్త్రం చదువుకొని ఒక పల్లెను పట్టుకొని కూచున్నాడు. ఆ పల్లె మీద రాసిన కొండూరు 1971లో మినసోటా విశ్వవిద్యాలయం అచ్చేసింది. తెలంగాణ పల్లె మీద మానవశాస్త్రం అనగానే మనం శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసింది చెబుతాం. చెంచుల మీద ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943 పుస్తకం చెబుతాం. కొండూరు పేరు ఆ వరసలో రావడం తక్కువ. కులాలు, పంచాయతీ, పొత్తులు, జాతరలు ఇన్ని దగ్గర చేసి చూపిన పుస్తకానికి అది న్యాయం కాదు.

హీబర్ట్ 1982లో ఒక వ్యాసం రాశాడు, మిషనరీ లోకంలో అది బాగా పేరు పొందింది. దాని సారం మన మాటల్లో: పడమటి చదువు చదివినవాడికి పైన దేవుడు కనిపిస్తాడు, కింద సైన్సు కనిపిస్తుంది. మధ్యలో ఉన్న అంతస్తు కనపడదు. దయ్యం, దిష్టి, మైసమ్మ, శకునం, చేతబడి ఉండేది అక్కడ. పల్లెవాడి బతుకులో సగం ఆ అంతస్తులోనే నడుస్తుంది. జ్వరం వచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకొని తల్లి అడిగే ప్రశ్నలకు పాదిరీ దగ్గర జవాబు లేనిది అందుకే. హీబర్ట్ ఈ లోపాన్ని తన పడమటి చదువు మీద వేసుకున్నాడు. నేను ఇంకొంచెం ముందుకు వెళ్ళి అంటాను: ఆ అంతస్తు ఆయా చీర కొంగులో ఉండేది. దిష్టి తీసింది ఆమె, పొద్దుగూకాక చింతచెట్టు కిందికి పోవద్దన్నది ఆమె. ఆరేళ్ళదాకా బంగళా పిల్లలు అందులోనే పెరిగారు. కొండ మీది బడి దాన్ని తుడిచేసింది. తుడిచినదాన్ని తిరిగి చదువుకోవడానికి హీబర్ట్‌కు మినసోటాలో డాక్టరేట్ కావలసి వచ్చింది. మిగతావాళ్ళు ఆ పనికి కూడా తిరిగి రాలేదు.

ఇప్పుడు మళ్ళీ కాంపౌండులోకి. బోర్డింగు పిల్లల్ని చూడండి. ఏడెనిమిదేళ్ళకు పల్లె విడిచి, మట్టిగోడల ఇల్లు విడిచి, గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకునే చోటికి వచ్చారు. అమ్మ గుర్తొస్తే గోడవైపు తిరిగి పడుకున్నారు. పండక్కి ఇంటికి పోతే అమ్మ మాట మొరటుగా వినిపించింది. కొండ మీద హాస్టల్లో ఉన్న చిన్నదొరకూ అచ్చం ఇదే జరిగింది. ఒకే సంఘం, ఒకే దేవుడి పేరు మీద, రెండు ఇళ్ళ పిల్లల్నీ ఇంటి నుంచి ఎత్తుకొచ్చి హాస్టల్లో పెట్టింది. తేడా హాస్టలు చేసేదానిలో లేదు, చివర ఎక్కడికి చేర్చింది అన్నదానిలో ఉంది. మాదిగ పిల్లవాడు వెట్టి నుంచి బయటపడ్డాడు. పాదిరీ పిల్లవాడు తాను పుట్టిన ఊరి నుంచి బయటపడ్డాడు. మొదటిదాన్ని విముక్తి అంటాం, రెండోదాన్ని త్యాగం అని వాళ్ళ పుస్తకాలు అంటాయి. ఆ మాట నాకు పూర్తిగా రుచించదు. త్యాగం చేసింది తల్లిదండ్రులు. ఆరేళ్ళవాణ్ణి ఎవరు అడిగారు?

పక్కపక్కన ఒకే బడిలో కూచోబెట్టి ఉంటే? అమెరికా కాలేజీ సీటు దక్కేది కాదన్నది నిజం. నిజాం రాజ్యంలో పై చదువు చాలావరకు ఉర్దూలో అన్నదీ నిజం. ఉస్మానియా 1918లో ఉర్దూ బోధనతోనే మొదలైంది. తెలుగు బళ్ళో చిన్న తరగతులు దాటితే దారి దాదాపు లేదు. అయితే మొదటి మూడు నాలుగేళ్ళకు ఈ కారణాలేవీ అడ్డురావు. ఓనమాలకు ఏ కాలేజీ సీటూ అక్కర్లేదు. అక్కడ అడ్డొచ్చింది బంగళాకు, బోర్డింగుకు నడుమ ఉన్న నూరడుగులే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మిషనరీ వీసాలు మెల్లగా బిగిశాయి. 1952లో జడ్చర్లలో డాక్టర్ జేక్ ఫ్రీజెన్ మొదలుపెట్టిన ఎం.బి. ఆస్పత్రి వంటివి నిలదొక్కుకునే నాటికే బయటి కుటుంబాలు సర్దుకోవడం మొదలైంది. 1970ల నడిమికి బంగళాలు దాదాపు ఖాళీ. కొడై బడి అంతర్జాతీయం అవుతున్న ఆ రోజుల్లోనే అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు 1971లో మొదటి గురుకుల పాఠశాల తెరిపించాడు. తర్వాత గురుకులాలు రాష్ట్రమంతా అల్లుకున్నాయి. పాలమూరు లేబరు బొంబాయికి, పూనాకు పోతే వెనక ముసలివాళ్ళ దగ్గరో, హాస్టల్లోనో మిగిలిన పిల్లలూ ఈ జిల్లాలవాళ్ళే. ఇవాళ మా వైపు ఇంటి దగ్గర ఉండి చదువుకున్న పిల్లవాణ్ణి వెతకాల్సి వస్తోంది. గల్ఫ్‌లోనో, టెక్సాస్‌లోనో బతుకుతున్న మన కుటుంబాల పిల్లలకు ఇల్లు ఏది అని మనం ఇప్పుడు రాస్తున్న వ్యాసాలు ఆ పాత మెన్నోనైట్ తల్లులు తమ జర్మన్ పత్రికలకు రాసుకున్న ఉత్తరాలకు ఎంతో దూరంలో లేవు.

కొడై పిల్లలు జ్ఞాపకాలు రాసుకున్నారు, కలుసుకుంటారు, పత్రాలు భద్రం చేసుకున్నారు. కాంపౌండు బోర్డింగుల్లో చదివి ఇప్పుడు ఎనభైల్లో ఉన్న పెద్దలు జడ్చర్లలో, దేవరకొండలో, నాగర్‌కర్నూలులో ఇంకా ఉన్నారు. చలికాలం సెలవులకు దిగొచ్చిన చిన్నదొరలు ఎవరితో గోళీలాడారో, ఎవరి ఇంట్లో జొన్నరొట్టె దొంగతనంగా తిన్నారో, జనవరిలో బండెక్కేటప్పుడు ఏ భాషలో ఏడ్చారో వాళ్ళకు తెలుసు.